ఇంటి వెనుక నీటి గుంట: సిర్పూరు బెంగాలీ పల్లెల కబుర్లు

 

ఈ పూట మిమ్మల్ని ఒక వూరికి తీసుకుపోదామని వున్నది. దూరమేమీ కాదు. జనగామ రైతులు రైలెక్కి కూర్చుంటే కాజీపేట మీదుగా నేరుగా కాగజునగరులో దిగవచ్చు. మహబూబాబాదు వారు వరంగల్లు, కాజీపేట దాటి అదే దారి పట్టాలి. భూపాలపల్లి వారికి రైలు లేదు గానీ చుట్టరికం వున్నది. కాళేశ్వరం దగ్గర మీ గోదావరిలో వచ్చి కలిసే ప్రాణహిత ఆ పల్లెల దిక్కునుంచే వస్తుంది.

కాగజునగరులో దిగి, కాగితపు మిల్లు పొగగొట్టం వెనుకకు వదలి ముందుకు పోతే నల్లరేగడి చేలు, పత్తి, మధ్య మధ్య వరి మళ్ళు. ఇంతవరకూ మన వూళ్ళ మాదిరే. కాస్త దూరం పోయిన తరువాత నజ్రుల్‌నగరు అని ఒక పేరు కనబడుతుంది. ఇంకో వైపు రవీంద్రనగరు. ఇటు ఈసుగాం. గోండులు, కోలాములు, మన తెలుగు రైతులు వుండే తావులో కాజీ నజ్రుల్ ఇస్లాం పేరుమీద, రవీంద్రనాథ ఠాకూరు పేరుమీద పల్లెలేమిటని కొత్తవాడు నిలబడి చూస్తాడు. దుకాణం బోర్డు తెలుగులో వుంటుంది. దుకాణం ముందు నిలబడి బేరమాడే ఆడవాళ్ళ మాట బెంగాలీ. చేతులకు తెల్లని శంఖపు గాజులు.

వీరు సరదాకు వచ్చినవారు కారు. 1947లో దేశం రెండుగా చీలినప్పుడు తూర్పు బెంగాలు పాకిస్తానులోకి పోయింది. అక్కడి హిందువులు కొందరు అప్పుడే వచ్చారు, కొందరు 1950 అల్లర్ల నాడు వచ్చారు. 1964 జనవరిలో ఖుల్నా, ఢాకా ప్రాంతాల్లో మళ్ళీ కత్తులు లేచినప్పుడు ఇంకా ఎందరో వచ్చారు. వారిలో చాలామంది భూమిని నమ్ముకున్న చిన్న రైతులు, పడవలు నడిపేవారు, వలలు వేసేవారు. పడమటి బెంగాలులో చోటు చాలక వారిని రాయపూరు దగ్గరి మానా శిబిరానికీ, అక్కడినుంచి దండకారణ్యానికీ, మహారాష్ట్రలోని చాందా అడవులకూ, మన సిర్పూరు తాలూకాకూ పంచిపెట్టారు. దండకారణ్యంలో వూళ్ళకు పేరు పెట్టే తీరిక కూడా లేక నంబర్లు వేశారు. మల్కనగిరిలో యం.వి. అని, పరల్‌కోటలో పి.వి. అని ఈనాటికీ నంబరుతో పిలిచే పల్లెలు వున్నాయి. అక్కడ వుండలేక 1978లో వేలమంది సుందరవనాల్లోని మరిచ్‌ఝాపి దీవికి పోయారు. 1979లో అక్కడినుంచీ వెళ్ళగొట్టబడ్డారు. ఆ కథ తలుచుకుంటే అన్నం సహించదు. సిర్పూరు వైపు వచ్చినవారు మాత్రం ఎట్లాగో నిలదొక్కుకున్నారు.

ఎట్లా నిలదొక్కుకున్నారన్నదే ఈనాటి మాట. చరిత్ర చెప్పడానికి నేను రాలేదు, నాకు ఆ చదువూ లేదు. వ్యవసాయశాఖలో ముప్పై ఏళ్ళు తిరిగినవాణ్ణి. నీటి గుంట గురించి చెప్పాలని వచ్చాను.

మొదట వారి దేశం ఎటువంటిదో ఒక మాట. ఖుల్నా, బరిశాలు, ఫరీదుపూరు అన్నీ నదుల మధ్య పల్లపు నేలలు. వానాకాలంలో వూరంతా నీళ్ళే. అటువంటి చోట ఇల్లు కట్టాలంటే ముందు నేలను ఎత్తు చేయాలి. మట్టి ఎక్కడినుంచి తెస్తారు? పక్కనే తవ్వుతారు. తవ్విన మట్టి ఇంటి దిబ్బ అవుతుంది, తవ్విన గొయ్యి గుంట అవుతుంది. దిబ్బను భిటా అంటారు, గుంటను పుకుర్ అంటారు. అంటే అక్కడ ఇల్లూ గుంటా ఒకే రోజున పుట్టిన కవలలు. మనకు చెరువంటే వూరిది, కుంట అంటే నలుగురిది, బావి అంటే అన్నదమ్ముల వాటాలది. వారికి పుకుర్ అంటే ఇంటిది. వంటగది ఎట్లాగో అదీ అట్లాగే.

మీలో చదువుకున్నవారు శరత్‌బాబు నవలలు చదివే వుంటారు. ఒకనాడు ఆయన తెలుగువాడే కాబోలు అనుకున్న పాఠకులు మనలో తక్కువమంది కారు. ఆ నవలల్లో ఏ వూరైనా తీసుకోండి, గుంట వుంటుంది, గుంటకు మెట్లుంటాయి. దేవదాసు పార్వతిని గాలపు కర్రతో కొట్టింది గుంట రేవులోనే కదా!

అటువంటివారు సిర్పూరు రేగడికి వచ్చి పడ్డారు. వరద అన్నమాటే లేదు. దిబ్బ ఎత్తవలసిన పని అంతకన్నా లేదు. జొన్న వారికి కొత్త, పత్తి కొత్త, వేసవిలో నెర్రెలు విచ్చే నేల కొత్త. అయినా చేతికి పార అందగానే వారు చేసిన పనేమిటంటే ఇంటి పక్కన గుంట తవ్వుకోవడం. రేగడి నేల కాబట్టి నీరు ఇంకిపోకుండా నిలిచింది. ఆ మట్టితో ఇంటి అరుగు ఎత్తు చేసుకున్నారు. అరుగును ఎర్రమట్టి, పేడ కలిపి అలికారు. అరుగుమీద తులసి. ఇంతవరకూ మన తెలుగు ఇంటికి ఏమీ తేడా లేదు.

నేను మొదటిసారి ఆ వైపు పోయింది 1984లో. అప్పటికి మండలాలు రాలేదు. సిర్పూరు తాలూకా అనే పిలిచేవారు. ఉద్యోగంలో కొత్త, వయస్సు చిన్నది, చదివిన పుస్తకం తలకెక్కిన రోజులు. నజ్రుల్‌నగరు వైపు ఒక పల్లెలో ఒక ముసలమ్మ ఇంటికి తీసుకుపోయారు. వూరంతా ఆమెను దీదీమా అని పిలిచేది, అంటే అమ్మమ్మ. ఇంటి వెనుక నాలుగైదు గుంటల నేల మేర నీళ్ళు. గట్టుమీద అరటి, గట్టు వాలులో చేమ. నీళ్ళమీదికి వాల్చిన వెదురు పందిరి మీద సొర, బీర. పందిరిని వారు మాచా అంటారు. కాయ నీళ్ళమీద వేలాడుతుంది, మేకకు అందదు, కోతి దిగితే మునుగుతుంది. నీటి అంచున తూటికూర. మన చెరువుల్లో తూటిని కలుపని చెప్పి పీకి పారేస్తామే, వారు లేత చివుళ్ళు తుంచి వేయించుకుని తింటారు. కలువ కాడలు కూడా వారికి కూరే.

గుంటలో చేపలు చూశాను. బొచ్చె, రోహు, ఎర్రమోసు వున్నాయి. వాటితోబాటు వేలెడుకన్నా చిన్నవి, పరకలు, ఇంకా వెండి రేకుల్లా మెరిసేవి గుంపులు గుంపులుగా వున్నాయి. నాకు వెంటనే పుస్తకం గుర్తుకు వచ్చింది. పెద్ద చేపల మేతను ఈ చిన్నవి తినివేస్తాయి, ఇవి కలుపు చేపలు, పెంపకానికి ముందు వీటిని నిర్మూలించాలి. ఎకరానికి వెయ్యి కిలోల ఇప్పచెక్క వేస్తే అన్నీ తేలిపోతాయి, విషం మూడు వారాల లోపల విరిగిపోతుంది, తరువాత ఆ చెక్కే ఎరువవుతుంది. ఇప్పచెట్టుకు ఆ అడవిలో కొదువ లేదు. ఇదంతా నేను గడగడ అప్పజెప్పాను.

దీదీమా ఓపికగా వింది. ఆమెకు తెలుగు వచ్చు, తన తీరున వచ్చు. “సార్, పెద్ద చేప కాగజునగర్ పోతది. చిన్న చేప మా పిల్లల నోట్ల పోతది. నువ్వు చిన్నదాన్నే చంపమంటవ్” అన్నది.

నాకు కోపం వచ్చింది. చదువులేని మనిషి, చెప్పినా వినదు అని నా డైరీలో వ్రాసుకున్నాను. ఆ డైరీ ఇంకా నా దగ్గర వున్నది, తెరవాలంటే సిగ్గు వేస్తుంది.

ఎందుకంటే ఆమె చెప్పిందే నిజమని తరువాత శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి తేల్చారు. శకుంతల హరక్‌సింగ్ థిల్‌స్టెడ్ అనే ఆమె, ట్రినిడాడులో పుట్టిన మన భారత సంతతి మనిషి, బంగ్లాదేశంలో ఏళ్ళ తరబడి ఈ చిన్న చేపలమీద పని చేసింది. మోలా అనే చిన్న చేపలో విటమిన్ ‘ఏ’ మెండుగా వున్నదని, తలా ముల్లూ కలిపి తింటారు కాబట్టి సున్నం, ఇనుము వంటి ధాతువులు కూడా వొంటికి పడతాయని చూపింది. పెద్ద చేపలతోబాటు వీటిని కూడా ఒకే గుంటలో పెంచవచ్చునని, దానివల్ల పెద్ద చేపల దిగుబడి దెబ్బతినదని కూడా తేలింది. అందుకు 2021లో ఆమెకు ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. పెద్ద చేపను కోసినప్పుడు మంచి ముక్క ఎవరి కంచంలో పడుతుందో మీకు తెలుసు. చిన్న చేపల పులుసు చేస్తే ఇంట్లో అందరికీ, కడపట తినే ఆడమనిషికి కూడా ఇన్ని వస్తాయి.

విస్తరణాధికారులు ఈ మాట గుర్తుంచుకోవాలని నా కోరిక. మనకు ఇచ్చిన కాగితం అమ్మకానికి పెంచే చేపకు సరిపోయిందే, అందులో తప్పులేదు. నేను ఆ కాగితాన్ని ఇంటి గుంటకు అంటించాను. అక్కడ పొరబడ్డాను.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల్లో చేలల్లో సేద్యపు గుంటలు తవ్వారు. ఉపాధి హామీ పనిలో తవ్వినవి కొన్ని, రైతు తన డబ్బుతో తవ్వించుకున్నవి కొన్ని. వాటిలో ఎన్ని ఇప్పుడు పనికి వస్తున్నాయి? నేను చూసినంతవరకూ, తవ్విన మొదటి ఏడు ఫోటో తీసుకున్నారు, రెండో ఏడు పూడిక వచ్చింది, మూడో ఏడు తుమ్మ మొలిచింది. రైతును అడిగితే “అది గవర్నమెంటోళ్ళ గుంత సారూ” అంటాడు. భూమి తనది, చెమట తనది, గుంత మాత్రం గవర్నమెంటుదట!

సిర్పూరు పల్లెలో అది ఎందుకు పూడిపోలేదో నేను చాలాకాలం ఆలోచించాను. పొద్దున లేవగానే ఎవరో ఒకరు దాని ముఖం చూస్తారు కాబట్టి. గిన్నె కడగడానికి పోతారు, తూటికూర కోయడానికి పోతారు, బాతులను వదలడానికి పోతారు. పోయినవారు చూస్తారు. గట్టు జారితే ఆనాడే ఒక తట్ట మట్టి వేస్తారు. చేలో, ఇంటికి మైలు దూరంలో తవ్వితే ఆ చూపు వుండదు. కాబట్టి మీకు నేను చెప్పే మొదటి మాట, వీలైతే గుంట ఇంటికి దగ్గరగానో, రోజూ నడిచే బాట పక్కనో వుండాలి. స్థలం లేకపోతే పశువుల కొట్టం దగ్గర.

ఇక కొలతలు. అందరూ తవ్వుకోగలిగినది 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు. గట్లు నిలువుగా తవ్వకూడదు, జారిపోతాయి. లోతు ఒక మీటరు దిగేసరికి పక్కకు ఒకటిన్నర మీటరు వాలు వుండాలి. అట్లా తవ్వితే అడుగున 11 మీటర్ల చదరం మిగులుతుంది. నిండితే ఏడు లక్షల లీటర్ల పైచిలుకు నీరు. నేలమీద అది పట్టే జాగా నాలుగు గుంటలు మాత్రమే.

చేపకు మీటరు నుంచి మీటరున్నర లోతు నీరు నిలబడి వుండాలి. నీరు రాకముందు అడుగున ఎనిమిది పది కిలోల సున్నం చల్లండి. నీరు చేరిన తరువాత రెండు క్వింటాళ్ళ పశువుల పేడ వేయండి. పదిహేను రోజులకొకసారి నలభై కిలోలు చాలు. నీరు లేత ఆకుపచ్చ రంగుకు తిరిగినప్పుడు మేత పుట్టిందని అర్థం. ఇటువంటి గుంటకు రెండు వందల పిల్లలు. బొచ్చె 80, రోహు 60, ఎర్రమోసు 60. బొచ్చె నీటి పైపొరలో మేస్తుంది, రోహు నడుమ మేస్తుంది, మోసు అడుగున మేస్తుంది. ఒకరి కంచంలో ఒకరు చేయి పెట్టరు. తవుడూ, వేరుశనగచెక్కా సమంగా కలిపి, గుంటలోని చేపల బరువులో వందకు రెండు మూడు పాళ్ళ చొప్పున రోజూ ఒకే చోట, ఒకే వేళకు వేయండి. పిల్లలు చేసే పని ఇది, ఎంత సరదాగా చేస్తారో చూడండి. చిన్న చేపలను మాత్రం ముట్టుకోకండి, వారానికి రెండుసార్లు బుట్టతో ఇంటికి సరిపడా తీసుకోండి.

ఒకటి జాగ్రత్త. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచి గాలి పీలుస్తుంటే, నీటిలో ప్రాణవాయువు తగ్గిందన్న మాట. పేడ వేయడం మానండి. మోటారుంటే కొత్త నీళ్ళు పైనుంచి పడేటట్లు వదలండి. లేకపోతే వేపకొమ్మ పట్టుకుని నీళ్ళు బాదండి. ఆ పల్లెలో ఇదంతా ఆడవాళ్ళే కనిపెడతారు. ప్రాణవాయువన్న మాట దీదీమాకు తెలియదు, “నీళ్ళకు ఆయాసం వచ్చింది” అనేది.

ఇవన్నీ విని జనగామ సోదరుడు నవ్వుతాడని నాకు తెలుసు. “సారూ, మాది చెలక. పొద్దున నింపితే పదినాళ్ళలో పాతాళానికి పోతది.” నిజం. సిర్పూరు రేగడి పద్ధతి జనగామ ఎర్రచెలకలో అచ్చంగా పనిచేయదు, పనిచేస్తుందని చెప్పేవాణ్ణి నమ్మకండి. చెలకలో గుంట తవ్వితే అడుగునా వాలుమీదా జానెడు మందం చెరువు మట్టి పరచి, తడిపి, పశువులతో తొక్కించాలి. పూడిక తీసిన చెరువుల మన్ను అందుకే అడిగి తెచ్చుకోండి. అయినా కొంత ఇంకుతుంది. అందుకని చెలకవారు వేలెడు పిల్లలను కాక యాభై నుంచి వంద గ్రాముల బరువున్న పెద్ద పిల్లలను ఆగస్టులో వదలి, నీరు తగ్గే ఫిబ్రవరి మార్చి నాటికి పట్టుకోవడం మేలు. దేవాదుల నీళ్ళు వచ్చే వూళ్ళలో ఇంకొంత ధైర్యంగా చేయవచ్చు. మహబూబాబాదు, భూపాలపల్లి వైపు నల్లమట్టి తగిలిన చోట ఇంత అవస్థ వుండదు. గణపురం చెరువు కింద సేద్యం చేసే వారికి నీరు నిలబెట్టడం నేను నేర్పాలా? కాకతీయులనాడే నేర్చిన పని.

అడుగున ప్లాస్టికు పరచేవారు కూడా వున్నారు. నీరు నిలుస్తుంది గానీ ఒక భయం వున్నది, దీన్ని దాచకుండా చెబుతాను. ఆ పట్టా నాచు పట్టి జారుతుంది. పడినవాడు పెద్దవాడైనా ఎక్కి రాలేడు. బడి పిల్లలు స్నానానికి దిగి తిరిగి రాని సంగతులు మీరు పత్రికల్లో చదివే వుంటారు. బంగ్లాదేశంలో పసిపిల్లల చావులకు ముఖ్య కారణాల్లో నీట మునగడం ఒకటి. నీటిలో పుట్టి పెరిగినవారికే అట్లా వున్నది. దీదీమా ఇంట్లో గుంట చుట్టూ నడుమెత్తు వెదురు దడి వుండేది, గుమ్మానికి గడియ కూడా పెట్టేది. దడి లేని గుంట తవ్వకండి. నాలుగు మూలలా ముళ్ళు వేసిన మోకు లోపలికి వేలాడగట్టండి.

మరి మందుల మాట. ఆ పల్లెల్లోనూ పత్తి వచ్చింది. పత్తితో మందులు వచ్చాయి. ఎండోసల్ఫాను చేపకు కాలకూటమని అప్పట్లో మేము గట్టిగా చెప్పలేదు. 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఆపించింది. ఇప్పుడు చల్లే సైపర్‌మెత్రిన్ జాతి మందులు కూడా చేపకు చెడ్డవే. గుంటకు ఎగువ చేనిలో చల్లితే, ఆ రాత్రి వాన కురిస్తే, తెల్లవారి గుంట మీద తెల్లని పొట్టలు తేలుతాయి. డబ్బా కడిగిన నీళ్ళు గుంటలో పోయకండి. గట్టుకూ చేనుకూ నడుమ నాలుగడుగుల గడ్డిపట్టె వదలండి. ఎగువ రైతు మీ పాలివాడే అయితే ముందుగా మాట్లాడుకోండి, చేపలు చచ్చిన తరువాత మాట్లాడితే అది పంచాయతీ అవుతుంది.

చేపపిల్లల గురించి ఒక ముచ్చట చెప్పి ముగించే దారి పడతాను. ఒకనాడు బొచ్చె, రోహు పిల్లలను నదుల్లో వరద వేళ పట్టవలసిందే. నిలువ నీటిలో అవి గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు చేప తలలోని చిన్న గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, చేపచేత నిలువ నీటిలో గుడ్లు పెట్టించాడు. అందుకే జూలై 10ని చేప రైతుల దినంగా జరుపుకుంటారు. ఈనాడు 2016 నుంచి మన చెరువుల్లో ప్రభుత్వం వదలిన కోట్ల పిల్లలు ఆ సూది చలవే. అంతకుముందు బెంగాలునుంచి మట్టి కుండల్లో పిల్లలను రైళ్ళలో తెచ్చేవారు. కుండ పక్కన మనిషి కూర్చుని చేతితో నీళ్ళను తట్టుతూనే వుండాలి, చేయి ఆగితే పిల్లలకు వూపిరి ఆగుతుంది. రాత్రంతా తట్టుతూ పోయేవారట.

రెండేళ్ళ కిందట నేను మళ్ళీ ఆ పల్లెకు పోయాను. దీదీమా లేదు. ఆమె మనుమడు వున్నాడు, అతని భార్య వున్నది. పిల్లలు ఇంట్లో బెంగాలీ మాట్లాడుతారు, బడిలో తెలుగు చదువుతారు, నాతో మాత్రం హైదరాబాదు తెలుగులో మాట్లాడారు. తాతల భాషలో వ్రాయడం వారిలో ఒక్కడికే వచ్చు. దసరాకు దుర్గమ్మను నిలబెడతారు, ఢాక్ వాయిస్తారు, ఆ నాలుగు రోజులూ బయటి వూళ్ళలో పనికి పోయినవారంతా తిరిగి వస్తారు. సంక్రాంతికి మనం అరిసెలు వండుకుంటే వారు బియ్యపుపిండితో పీఠాలు వండుకుంటారు.

పెద్దవాడికి డిగ్రీ అయింది. ఉద్యోగం మాట తీస్తే ఇంట్లో అందరూ వూరుకున్నారు. వారు నమశూద్రులు. పడమటి బెంగాలులో అది షెడ్యూలు కులం. కులాల జాబితా రాష్ట్రానికొకటి కాబట్టి ఇక్కడ ఆ పత్రం దొరకదు. “మా తాత కలకత్తాలో ఆగివుంటే నాకు ఒక కులం, రైలెక్కి ఇక్కడికి వచ్చాడు కాబట్టి ఇంకొక కులం” అన్నాడు కుర్రవాడు. నేను వ్యవసాయశాఖవాణ్ణి, నా దగ్గర దానికి జవాబు లేదు. వారు ఏళ్ళుగా అడుగుతూనే వున్నారు.

గుంట మాత్రం అట్లాగే వున్నది. ఒక వైపు కొత్తగా సిమెంటు మెట్లు కట్టారు. దడి మారింది, వెదురు పోయి ఇనుప జాలి వచ్చింది. చిన్న చేపలు మెరుస్తున్నాయి. నేను డైరీలో వ్రాసుకున్న మాట ఆ ఇల్లాలికి చెప్పాను. ఆమె పెద్దగా నవ్వి, లోపలికిపోయి మూత వున్న స్టీలు క్యాను తెచ్చింది. బుట్ట ముంచి ఒక దోసెడు చిన్న చేపలను క్యానులో పోసింది. “తీసుకుపోండి సార్, మీ వూళ్ళో పెంచండి. మూత వేయకండి, చేయి ఆపకండి” అన్నది.

మధ్యాహ్నపు రైలు. క్యాను మోకాళ్ళ నడుమ పెట్టుకుని తట్టుతూ కూర్చున్నాను. బెల్లంపల్లి దాకా పక్కవాళ్ళు నవ్వారు. మంచిర్యాలలో ఒక కాలేజీ పిల్ల ఎక్కి, సంగతి విని, “అంకుల్, మీరు టీ తాగండి” అని కాసేపు తాను తట్టింది. రామగుండం దాటిన తరువాత నాకు కునుకు పట్టింది. జమ్మికుంటలో లేచి చూస్తే సగం తేలివున్నాయి. మిగిలినవాటిని కాజీపేటలో కొళాయి నీళ్ళు పోయకుండా, చేయి ఆపకుండా జనగామ దాకా తెచ్చాను. కొళాయి నీళ్ళలో క్లోరిను వుంటుంది, చేపలకు పడదు, ఇది కూడా గుర్తుంచుకోండి. దిగేసరికి చీకటి పడింది. మా బావమరిది చేనిలోని గుంటకు, చెరువు మట్టి తొక్కించినదే, నడిచిపోయి బ్యాటరీ దీపం వెలుతురులో లెక్కపెట్టి వదిలాను. ముప్పై ఒకటి.

ఈ వానాకాలం మా చెల్లెలు అక్కడే తూటికూర కూడా నాటింది. కావలసినవారు వచ్చి తీగలు పట్టుకుపోవచ్చు.